జీవో 63 ఖరీదు ఎవరు కట్టాలి?

సంపాదకుల వారికి,

ఆంధ్రప్రదేశ్‌కు రానున్న పవన, సౌర విద్యుత్ పెట్టుబడులపై గత వారం మీ పత్రిక ప్రచురించిన కథనంలో మెగావాట్లు, ఎకరాలు, కోట్లు అన్నీ ఉన్నాయి. పెట్టుబడి పెట్టేవాడు ముందుగా అడిగే ప్రశ్న మాత్రం లేదు. ప్రభుత్వం మారితే సంతకం చెల్లుతుందా?

2019 జులై 1 నాటి జీవో 63ను అందరూ మరిచినట్లున్నారు. పాతికేళ్లకు కుదిరిన విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడడానికి అప్పుడే గద్దెనెక్కిన ప్రభుత్వం ఆ జీవోతో ఉన్నతస్థాయి కమిటీని వేసింది. పక్షం తిరగకముందే, పవన విద్యుత్తు ధరను యూనిట్‌కు రూ.2.43కు, సౌర విద్యుత్తు ధరను రూ.2.44కు తగ్గించుకోవాలని ఉత్పత్తిదారులకు లేఖలు వెళ్లాయి. పవన విద్యుత్తుకు అంతవరకు చెల్లించిన రూ.4.84 వంటి ధరలు ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ, టెండర్లు లేకుండా ఆ ధరను ఖరారు చేసింది సాక్షాత్తూ విద్యుత్ నియంత్రణ మండలే గాని, దారిన పోయే దానయ్య కాదు కదా!

అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టివేస్తూనే, వివాదాన్ని మండలికి పంపి, తేలేవరకు తగ్గించిన ధరలే చెల్లించమన్నారు. ఆరు నెలల్లో తేలవలసిన ఈ వ్యవహారం నాని నాని, చివరికి 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ తాత్కాలిక ధరలను రద్దు చేసి, ఒప్పంద ధర ప్రకారం బకాయిలను ఆరు వారాల్లో కట్టమని డిస్కంలను, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలను, ఆదేశించింది. అంటే, ఆదా చేస్తామన్న సొమ్మూ మిగల్లేదు, పరువూ మిగల్లేదు.

ఉరవకొండ, వజ్రకరూరు వైపు వెళ్లేవారికి గాలిమరలు కనువిందుగా కనిపించవచ్చు. వాటికి అప్పిచ్చిన బ్యాంకు మాత్రం ఒప్పందంలోని ధర వస్తుందా లేదా అన్నదే చూస్తుంది. అనుమానం పుడితే వడ్డీ పెంచుతుంది, ఆ వడ్డీ మరుసటి టెండరు ధరలోకి చేరుతుంది. ఇంత చిన్న లెక్క సచివాలయంలో ఒక్కరికైనా తట్టలేదా, తట్టినా నోరు విప్పే ధైర్యం లేకపోయిందా? నెల బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే మా దగ్గర అపరాధ రుసుము వసూలు చేసేవారు, తాము మూడేళ్ల వివాదానికి తెరతీసి ఎవరికీ జవాబుదారీ కాకపోవడం విడ్డూరం. డిస్కం నుంచి పోయినా, ఖజానా నుంచి పోయినా అది జనం సొమ్మే.

కొత్త ఒప్పందాల ఊరేగింపు మొదలుపెట్టే ముందు, ఆ వివాదానికి వకీళ్ల ఫీజులతో సహా ఎంత ఖర్చయిందో, ఆ జీవోను సిఫారసు చేసిన అధికారులు ఎవరో ప్రభుత్వం తెలుగులో ప్రకటించాలి.

— ఒక విద్యుత్ వినియోగదారు, అనంతపురం