కౌంటర్ నెట్ వేరు, గదుల నెట్ వేరు

చి. ల. సౌ. పాపకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ చిత్తూరులో మేమిద్దరం క్షేమం. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది.

మీ తిరుపతి లాడ్జి వైఫైకి నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. ఫోన్‌లో మాట్లాడుకుందామంటే మధ్యలో ఎవరో ఒకరు రూము అడుగుతారు, నువ్వు తర్వాత చేస్తానంటావు. అందుకే రాస్తున్నాను. దీన్ని అల్లుడు గారికి కూడా చూపించు.

రెండింటిలోనూ స్పీడు గురించి పెద్ద అక్షరాలతో వేశారు. సెక్యూరిటీ గురించి ఒక్క ముక్క లేదు. పద్నాలుగు గదులకు స్పీడు వంద ఎంబీపీఎస్సా, రెండొందలా అన్నది అంత పెద్ద సమస్య కాదు. గదుల్లో దిగినవాళ్ళ ఫోన్లు, మీ కౌంటర్ కంప్యూటరు ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయా, విడివిడిగా ఉంటాయా? ముందు తేల్చుకోవాల్సింది ఇది.

ఆ కంప్యూటర్‌లో ఏముందో గుర్తు తెచ్చుకో. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి దర్శనానికి వచ్చినవాళ్ళ ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు, జీఎస్టీ లెక్కలు, మీ బ్యాంకు లాగిన్. పైన ఆఫీసు గదిలో కూడా కనబడాలని మీ మేనేజర్ ఆ ఫోల్డర్‌ను షేర్ చేసి పెట్టాడని నువ్వే చెప్పావు. అదే నెట్‌వర్క్‌లో మూడో అంతస్తులో దిగినతని ల్యాప్‌టాప్ కూడా ఉంటే, అతనికీ ఆ ఫోల్డర్ కనబడే వీలుంది. అతను దొంగ కానక్కర్లేదు. వైరస్ పట్టిన ల్యాప్‌టాప్ తెలియక తెచ్చుకున్న పెద్దమనిషైనా చాలు, నీ ఫైళ్ళకు ముప్పే.

కాబట్టి గదులవాళ్ళకు విడిగా ఇచ్చే గెస్ట్ నెట్‌వర్క్ ఉన్న రౌటరే తీసుకో. అందులో చేరిన ఫోన్లు లోపలి కంప్యూటర్లను చూడకూడదు, ఒకదాన్నొకటి కూడా చూడకూడదు. దీన్ని ఐసొలేషన్ అంటారు. కొన్నింట్లో గెస్ట్ అని పేరుకే ఉంటుంది. బిగించేవాడు పని ముగించి డబ్బులు అడిగే ముందు నీ ఫోన్‌ను గెస్ట్‌లో చేర్చి చూడు. ప్రింటర్ కనబడినా, రౌటర్ సెట్టింగుల పేజీ తెరుచుకున్నా పని ఇంకా అవ్వలేదన్నమాట. గెస్ట్‌కు స్పీడు పరిమితి కూడా పెట్టించు. టీటీడీ వాళ్ళు మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదిలే పూట గదుల్లో అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటే నీ బిల్లింగ్ ఆగిపోకుండా ఉంటుంది.

కౌంటర్ కంప్యూటర్‌కు అసలు వైఫై ఎందుకు? రౌటర్ పక్కనే ఉంది కదా, వైరుతో కలిపెయ్యి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రాగి తీగల మధ్య రిటైరైన మనిషి ఇంకేం చెబుతాడు అంటావు. అను, ఫరవాలేదు. గాల్లో పోయేదాన్ని రోడ్డు మీద ఆటోలో కూర్చున్నవాడైనా పట్టగలడు. వైరు దాకా రావాలంటే వాడు కౌంటర్ వెనక్కి రావాలి.

ఆధార్ సంగతి ఇంకొకటి. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, ఇవ్వగలిగినవాళ్ళ దగ్గర అదే తీసుకో. పాత కాపీలు ఎంతకాలం ఉంచాలో పోలీసు స్టేషన్‌లోనూ ఆడిటర్‌నూ అడిగి, గడువు దాటినవి తీసెయ్యి.

ఇక పాస్‌వర్డ్. ఇప్పుడు మీది లాడ్జి ఫోన్ నంబరు. అది బోర్డు మీదే ఉంది! వైఫైకి తాళం లాంటి డబ్ల్యూపీఏ2 అనే పాత పద్ధతిలో, ఒక ఫోన్ వైఫైకి కలిసేటప్పుడు జరిగే సంభాషణను బయటివాడు రికార్డు చేసుకుని, ఇంటికెళ్ళి తీరిగ్గా కంప్యూటర్ చేత ఊహలు వేయించవచ్చు. పది అంకెల మొబైల్ నంబర్లన్నీ ప్రయత్నించడం మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు కొన్ని గంటల పని. గోవింద123 లాంటివైతే అంతసేపు కూడా పట్టదు, తిరుపతిలో ఎవడైనా మొదట వేసే ఊహ అదే. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకో. 63 అక్షరాల దాకా పెట్టొచ్చు.

2018లో వచ్చిన కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3లో ఇంటికి తీసుకెళ్ళి ఊహించే ఆ వీలు లేదు. ప్రతి ఊహా రౌటర్‌నే అడగాలి. అందుకే డబ్ల్యూపీఏ3 ఉన్న రౌటరే కొను. మీ ఆఫీసు నెట్‌వర్క్‌కు అదొక్కటే పెట్టు. గెస్ట్‌కు పాతదీ కొత్తదీ రెండూ కలిపి పెట్టాలి, లేకపోతే యాత్రికుల పాత ఫోన్లు కలవవు.

సిబ్బంది అందరికీ ఒకే పాస్‌వర్డ్ అంటే, అన్ని గదులకూ ఒకే తాళంచెవి చేయించి పంచినట్టే. రూమ్ బాయ్ మానేసిన రోజే మార్చు. ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఇచ్చే పద్ధతి ఉంది, దానికి సర్వర్ కావాలి. నలుగురైదుగురు పనిచేసే చోట అంత అక్కర్లేదు. మీరు రెండో లాడ్జి తీసుకున్నప్పుడు చూద్దాం.

వైఫై పేరు దాచేస్తాం, మ్యాక్ అడ్రస్‌లు (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబర్లు) రాసి పెట్టి వాటినే రానిస్తాం, దానికింత అని ఎవరైనా అంటే డబ్బులివ్వొద్దు. రెండూ గాల్లో వినేవాడికి తెలిసిపోతాయి. పాస్‌వర్డ్ టైపు చేయకుండానే ఫోన్లను కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ ఆఫ్ చేయించు. దాని ఎనిమిది అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుందని, సుమారు 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

కెమెరాల రికార్డింగ్ పెట్టె, అదే డీవీఆర్, దాని పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చిందే ఉందా? 2016లో మిరాయ్ అనే వైరస్ అలాంటి డీవీఆర్‌లనూ కెమెరాలనూ లక్షల్లో పట్టుకుంది. ముందు అది మార్చు. డీవీఆర్‌ను గెస్ట్ వైపు అస్సలు కలపొద్దు.

అల్లుడు గారు పాస్‌వర్డే లేకుండా వదిలేద్దాం, యాత్రికులకు సేవ అన్నారట. సేవ మంచిదే గానీ, 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళప్పుడు బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒకాయన వైఫై నుంచి వెళ్ళింది. ఆయనకు ఏ సంబంధమూ లేదు, అయినా పోలీసులు ముందు ఆయన ఇంటికే వెళ్ళారు. ఆ తర్వాత 2009లో, పబ్లిక్ వైఫై వాడేవాళ్ళ ఫోటో గుర్తింపు గానీ, మొబైల్‌కు ఎస్సెమ్మెస్ ద్వారా లాగిన్ గానీ ఉండాలని టెలికాం శాఖ చెప్పింది. కాబట్టి ఓటీపీతో లాగిన్ అయ్యే ఏర్పాటు కొటేషన్ ఇచ్చినవాళ్ళ దగ్గర ఉందేమో అడుగు.

పై అంతస్తుకు సిగ్నల్ రాదని, దాన్ని అందుకుని మళ్ళీ పంపే రిపీటర్ అంటగడతారు. వద్దు. క్యాట్ 6 అనే నెట్ కేబుల్ లాగించి అంతస్తుకొక యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పెట్టించు. గోడలకు సున్నం వేయించే లోపే ఈ పని చేయించు.

రెండో కొటేషన్ అతను నయం అనిపిస్తున్నాడు. గెస్ట్ ఐసొలేషన్, డబ్ల్యూపీఏ3, ఓటీపీ ఈ మూడూ కాగితం మీద రాయించుకుని నాకు ఫోటో పంపు. బిగించే రోజు చెబితే పొద్దున్నే బస్సెక్కి వస్తాను. నేను రాకపోయినా రౌటర్ సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం అతన్ని పెట్టనివ్వకు, నువ్వే టైపు చెయ్యి.

మీ నాన్న