ఆ తులాభారం బొమ్మను పెద్దదిగా వేయండి

సంపాదకులకు,

అయ్యా, మీ ఆదివారం అనుబంధంలో మొఘల్ చిత్రకళపై వచ్చిన వ్యాసం బాగుంది. కానీ రాకుమారుడు ఖుర్రం (కాబోయే షాజహాన్) తులాభారం చిత్రాన్ని తపాలా బిళ్లంత వేశారు. అసలు చూడాల్సినవన్నీ అందులో మాయమయ్యాయి.

1607లో కాబూల్ తోటలో జరిగిన వేడుక అది. ఖుర్రం తక్కెడలో ఒకవైపు కూర్చున్నాడు, రెండోవైపు సంచులు. తండ్రి జహంగీర్ తక్కెడను స్వయంగా చేత్తో పట్టుకున్నాడు. చక్రవర్తి ఇంత దగ్గరగా, ఒక తండ్రిలా కనిపించడం దర్బారు చిత్రాల్లో అరుదు. ముందు పరిచిన పళ్లేల్లో రత్నాలు పొదిగిన బాకులు, వెనక గోడ గూళ్లలో చైనా పింగాణీ. వాటిని చూస్తుంటే కన్ను తిప్పుకోలేం.

తులాదానాన్ని మొఘల్ దర్బారులో స్థిరపరిచింది అక్బర్. హిందూ రాజుల ఆచారాన్ని తమ పుట్టినరోజు పండుగగా మార్చుకున్నారు. తూచిన ధనం పేదలకు పంచేవారు. ఔరంగజేబు కొంతకాలానికి తన విషయంలో దీన్ని మానేశాడు. తిరుమలలో బిడ్డ ఎత్తు బెల్లమో, చిల్లరో తూచి మొక్కు చెల్లించే మనవాళ్లకు ఈ బొమ్మ వివరించనక్కర్లేదు, కనబడితే చాలు.

ఇది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అక్కడికి వెళ్లి చూడగలిగేవారు ఎందరు? దయచేసి వచ్చే ఆదివారం అరపేజీలో, రంగుల్లో, మ్యూజియం పేరుతో సహా ముద్రించండి. మా బడి పిల్లలకు తరగతి గోడపై అతికిస్తాను.

— ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, వరంగల్