కొత్త ఇన్‌స్ట్రక్షన్ సెట్‌కి నిధులివ్వకండి: సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

సొంత ప్రాసెసర్ అంటే సొంత ఇన్‌స్ట్రక్షన్ సెట్ (ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల జాబితా) కూడా ఉండాల్సిందేనన్న ప్రతిపాదనలు మీ దాకా వస్తూనే ఉంటాయి. కంపైలర్లు (ప్రోగ్రామ్‌ని ఆ ఆదేశాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్), ప్రాసెసర్ కోర్లు రాసేవాళ్లుగా మా మాట ఒక్కటే: వద్దు.

ఇన్‌స్ట్రక్షన్ సెట్ రాయడం పెద్ద పనేం కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-ఫైవ్ అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ తీసుకుంటే, దాని 32 బిట్ల మూల సెట్‌లో ఉన్నవి 40 ఇన్‌స్ట్రక్షన్లే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. బర్కిలీలో 2010లో మొదలైన రిస్క్-ఫైవ్, లినక్స్ ప్రధాన కెర్నల్‌లోకి చేరేసరికి 2018 వచ్చింది. కంపైలర్, లింకర్, డీబగ్గర్, బూట్ ఫర్మ్‌వేర్, బ్రౌజర్‌లోని జిట్ (నడిచేటప్పుడే కోడ్‌ని ప్రాసెసర్ ఆదేశాల్లోకి మార్చే భాగం), వీడియో కోడెక్‌లలో చేత్తో రాసిన అసెంబ్లీ, అన్నీ మళ్లీ రాయాలి. రాశాక కూడా కనిపించని గుంతలుంటాయి. డేటా రాసి, ఆ తర్వాత ‘సిద్ధం’ అని ఫ్లాగ్ పెట్టే కోడ్ తీసుకోండి. ఇంటెల్, ఏఎండీ చిప్‌లు వాడే ఎక్స్86 సెట్‌లో ఆ రెండు స్టోర్లూ (మెమరీలోకి రాతలు) మిగతా కోర్లకు అదే వరసలో కనిపిస్తాయి. ఫోన్లలో ఉండే ఆర్మ్‌లో, రిస్క్-ఫైవ్‌లో, ఆ వరసను కాపాడే ఫెన్స్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేకపోతే ఫ్లాగే ముందు కనిపించవచ్చు. అవతలి కోర్ పాత డేటా చదివేస్తుంది. ఏ లక్ష సార్లకో ఒకసారి జరిగే ఈ తప్పును పట్టుకోవడం నరకం.

వేగం మాటకొస్తే, కూడికకి ఒక సైకిల్ పడితే క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) దొరకని డేటాకి వందల సైకిళ్లు పడతాయి. ఇన్‌స్ట్రక్షన్ల ఎన్‌కోడింగ్ (బిట్లలో రాసే తీరు) మార్చినంత మాత్రాన అది తగ్గదు. 2001లో కొత్త సెట్‌తో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ ఇటానియం, 128 బిట్ల కట్టకు మూడు ఇన్‌స్ట్రక్షన్లు పెట్టి, వరస పేర్చే భారం కంపైలర్ మీద వేసింది. ఏ లోడ్‌కి (మెమరీ నుంచి చదవడానికి) కావాల్సిన డేటా క్యాష్‌లో దొరకదో కంపైలర్‌కి ముందే ఎలా తెలుస్తుంది? 1 నుంచి 15 బైట్ల దాకా సాగే ఎక్స్86 ఇన్‌స్ట్రక్షన్ల డీకోడింగ్ నిజంగా తలనొప్పే, అయినా ఇటానియం మీద గెలిచింది అదే.

ప్రత్యేక అవసరం ఉంటే రిస్క్-ఫైవ్‌లో అందుకు చోటుంది. సొంత ఇన్‌స్ట్రక్షన్ల కోసం వదిలిన కస్టమ్-0 అనే ఒక్క ఆప్‌కోడ్ (ఇన్‌స్ట్రక్షన్ రకాన్ని చెప్పే బిట్లు) కిందే మూడు రిజిస్టర్ల ఇన్‌స్ట్రక్షన్లు 1024 పడతాయి. ముందు ప్రొఫైల్ చేయాలి, అంటే ప్రోగ్రామ్‌లో ఏ భాగానికి ఎంత సమయం పడుతుందో కొలవాలి: వేగం పెంచాలనుకునే లూప్ వాటా మొత్తం సమయంలో 10 శాతమే అయితే, దాన్ని సున్నా చేసినా ఆదా అయ్యేది 10 శాతమే. తర్వాత రిస్క్-ఫైవ్‌ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే స్పైక్ సిమ్యులేటర్‌లో, ఆపైన ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మళ్లీ మళ్లీ మార్చుకోగల చిప్) మీద పరీక్ష. చిప్ చివర్లో. ఒక జాగ్రత్త: అదే ఎన్‌కోడింగ్‌ని వేరే చిప్ ఇంకో పనికి వాడితే ప్రోగ్రామ్ ఆగదు, తప్పు లెక్కలు వేస్తుంది. అందుకే ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉందో లేదో నడిచేటప్పుడే చూసుకోవాలి.

నిజంగా కొత్తది కావాలంటే, మెమరీ తప్పులను ప్రాసెసరే పట్టుకునేలా చేసే చెరి వైపు చూడండి. అందులో 64 బిట్ల పాయింటర్ (మెమరీలో చోటు చెప్పే విలువ) హద్దులతో, అనుమతులతో కలిపి 128 బిట్లవుతుంది, పైన అది అసలైన పాయింటరేనని చెప్పే ఒక ట్యాగ్ బిట్. బఫర్ హద్దు దాటితే ప్రాసెసర్ అక్కడికక్కడే ఆపేస్తుంది (ట్రాప్). క్యాష్ మీద ఒత్తిడి పెరుగుతుంది, పాయింటర్‌ని మామూలు ఇంటీజర్‌లో దాచే పాత సీ కోడ్‌ని సరిచేయాలి. ఆ ఖర్చు పెట్టదగ్గదే. అదీ ఉన్న సెట్ మీద కట్టిందే: చెరి పరీక్షల కోసం 2022లో వచ్చిన మోరెల్లో బోర్డు ఆర్మ్ మీదే నడుస్తుంది.

కొత్త సెట్ కావాలంటూ మీ దగ్గరికి వచ్చినవారిని, కస్టమ్-0లో పట్టని ఇన్‌స్ట్రక్షన్ ఏదో ఒక్కటి ప్రొఫైల్ లెక్కలతో సహా చూపమనండి.

ఇట్లు,
కంపైలర్, ప్రాసెసర్ డిజైన్ ఇంజినీర్లు