మర్రిచెట్టు స్టేజీలో మర్రిచెట్టు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

తీరిక లేని జీవితంలో ప్రకృతికి కాస్త చోటివ్వాలని, నెలకొకసారైనా అడవికో కొండకో వెళ్లి రావాలని ఈమధ్య పత్రికల్లో తరచూ చదువుతున్నాను. మంచి మాటే. అయితే వారానికి దొరికే ఒక్క సెలవు బట్టలు ఉతకడానికి, పిల్లల చదువు చూడటానికి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికే సరిపోని నాలాంటివాళ్ల సంగతి కూడా ఎవరైనా రాయాలి కదా అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. పదకొండేళ్లుగా ఇదే పని. ప్రస్తుతం మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, బాలానగర్ మీదుగా షాద్‌నగర్ వెళ్లే పల్లెవెలుగు బండిలో డ్యూటీ. తెల్లవారకముందే డిపోలో టికెట్టు మిషన్ తీసుకున్నది మొదలు, డ్యూటీ దిగి లెక్క అప్పజెప్పేదాకా చేతికీ నోటికీ విశ్రాంతి ఉండదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బండి కిటకిటలాడుతోంది. డబ్బు తీసుకోకపోయినా ప్రతి ఒక్కరికీ జీరో టికెట్టు కొట్టి ఇవ్వాలి. చేతిలో రూపాయి లేకపోయినా పుట్టింటికో, దవాఖానకో ధైర్యంగా బయలుదేరే అమ్మలను చూస్తే నాకు సంతోషమే. పని పెరిగిందన్నది కూడా నిజమే.

ఇంత హడావిడిలో నాకు మిగిలేది బండి స్టేజీలో ఆగే అర నిమిషం. ఎక్కేవాళ్లు ఎక్కుతుంటే తలుపు దగ్గర నిలబడి బయటికి చూస్తాను. అలా చూసే అలవాటుతోనే నాకు ఏడాది పొడవునా నెలలు తెలుస్తాయి. శివరాత్రి దాటాక చేను గట్టు మీద ఆకు ఒక్కటైనా లేని మోదుగ నిండా పువ్వే. ఉగాది దగ్గరపడేసరికి కానుగ పాత ఆకంతా రాల్చేసి కొత్తది తొడుగుతుంది. ఆ లేత పచ్చదనం మరే నెలలోనూ కనిపించదు, ఎండ పడితే నూనె రాసినట్టు మెరుస్తుంది. వానాకాలంలో బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడతాయి. మగపిట్ట సగం గూడు అల్లి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమెకు నచ్చకపోతే దాన్ని అలాగే వదిలేసి మరొకటి మొదలుపెడుతుంది. ఒక బావి దగ్గర అలాంటి సగం గూళ్లు ఏడు లెక్కపెట్టాను. అందుకు నాలుగు రోజులు పట్టింది, బండి అంతసేపు ఆగదు కదా. దసరా ముందు తీగ మీద పాలపిట్ట కనిపిస్తే మా డ్రైవరన్నే "అమ్మా, కుడివైపు" అంటాడు. బండిలో సగం మంది అటు తిరిగి దండం పెట్టుకుంటారు. ఆ రోజుల్లోనే సీతాఫలాల గంపలు ఎక్కుతాయి. బాలానగర్ పేరుతోనే ఒక రకం సీతాఫలం ఉంది, అంత పేరున్న పండు మాది. గంపలో ఒక్కటి మాగి ఉంటే చాలు, వెనక సీటుదాకా వాసన వస్తుంది.

ఆరుద్ర కార్తెలో ఒక రోజు సంగతి చెప్పాలి. ముందురోజు రాత్రి మంచి వాన పడింది. పొద్దున ఒక స్టేజీలో ఎనిమిదేళ్ల పాప ఎక్కింది. భుజాన బడిసంచి, కుడిచెయ్యి గుప్పిట మూసి ఉంది. కమ్మీ పట్టుకోమన్నాను, పట్టుకోలేదు. ఏముంది తల్లీ అని అడిగితే మెల్లగా వేళ్లు విప్పింది. ఆరుద్ర పురుగు. ఎర్ర మఖమలు గుడ్డలోంచి కత్తిరించి అరచేతిలో పెట్టినట్టుంది. కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని కదలకుండా పడి ఉంది. "తాకకండి మేడం, భయపడుతుంది" అంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. కాసేపటికి ముందు ఒక కాలు బయటికి వచ్చింది, తర్వాత ఇంకొకటి. అరచేతి గీత వెంట బొటనవేలి వైపు నడక మొదలుపెట్టింది. వెనకనుంచి ఎవరో "రైట్ చెప్పండి మేడం" అని కేక వేసేదాకా బండి నా కోసమే ఆగి ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఆ పాప బడి దగ్గర దిగి, తడి మట్టి వెతికి, పురుగును అక్కడ వదిలి పరుగెత్తింది. మధ్యాహ్నం చిల్లర కోసం ఒకాయన నా మీద గట్టిగా అరిచినా ఆ రోజు నాకు కోపం రాలేదు.

ఇక అసలు విషయం. మా రూట్లలో చాలా స్టేజీలకు చెట్ల పేర్లే. మర్రిచెట్టు, వేపచెట్టు, చింతచెట్టు, రావిచెట్టు. "మర్రిచెట్టు దిగేవాళ్లు ముందుకు రండి" అని రోజూ అరుస్తాను. దిగితే అక్కడ మర్రి లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. రోడ్డుకు అడ్డం లేని ఒక వేపచెట్టునైతే, ప్రయాణికులకు నీడ కావాలని రేకుల షెడ్డు వేయడానికి కొట్టేశారు. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ రేకుల కింద ఎవరూ నిలబడలేరు. బయట గోడ నీడన ముసలివాళ్లు గొంతుక్కూర్చుని బండి కోసం ఎదురుచూస్తుంటే నాకు కడుపు మండుతుంది. ఉన్న కాసిని చెట్లకూ మొదలు దగ్గర బెరడుకు ఆనుకునేలా సిమెంటు పోశారు. వాన నీరు వేరుకు ఎలా అందుతుంది?

మా ఊరికి పిల్లలమర్రి పేరు. ఏడు వందల ఏళ్లదని పెద్దలు చెప్పే ఆ మర్రి 3 ఎకరాలకు పైగా పరుచుకుంది. 2017 చివర్లో కొమ్మలు విరిగిపడుతుంటే సందర్శకులను ఆపేశారు. చెదలు పట్టిన మానుకు 2018లో సెలైన్ సీసాలు కట్టి, రోగికి ఎక్కించినట్టు చుక్క చుక్కగా మందు ఎక్కించారు. అప్పుడు డ్యూటీ దిగి నేనూ వెళ్లాను, దూరం నుంచే చూసి వచ్చాను. ఒక చెట్టును బతికించుకోవడానికి అంత చేసిన జిల్లా మాది.

అందుకే అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. స్టేజీకి ఒక చెట్టు ఇవ్వండి. షెడ్డు కట్టేచోట ముందే చెట్టు ఉంటే దాన్ని కొట్టకుండా పక్కన కట్టండి. లేనిచోట కానుగ నాటండి. నీడ చిక్కగా ఉంటుంది, ఎండకు తట్టుకుంటుంది, మేకలు అంతగా ముట్టవు. తీగల కింద మాత్రం వద్దు, రెండేళ్లకే కొమ్మలు నరికేస్తారు. మొదలు చుట్టూ గజం మేర మట్టి వదలండి. 2015లో హరితహారం మొదలైన తర్వాత ఊరూరా నర్సరీలు వచ్చాయి కాబట్టి మొక్కకు కొరత ఉండదు. నాటాక చూసేవాళ్లు లేకనే చాలా మొక్కలు ఎండిపోతున్నాయి.

మా రూట్లోని మర్రిచెట్టు స్టేజీ మొక్కను నాకు అప్పగించండి. మా బండి అక్కడ రోజుకు నాలుగుసార్లు ఆగుతుంది. నా దగ్గర రెండు లీటర్ల సీసా ఉంది.

ఒక మహిళా కండక్టర్,
మహబూబ్‌నగర్