నైజీరియాది తెగల కక్ష కాదు, సీట్ల లెక్క

సంపాదకుల వారికి, నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో నైజీరియా స్వాతంత్ర్యం మీద వచ్చిన వ్యాసంలో ‘వందల ఏళ్ల తెగల కక్షలు’ అనే మాట మూడుచోట్ల కనబడింది. నేను 1980ల మొదట్లో ఆ దేశంలోని కానో నగరంలో నాలుగేళ్లు లెక్కల మాస్టారుగా చేశాను. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది టీచరు ఉద్యోగాలకి అటు వెళ్లారు. అక్కడ చూసిందీ, తిరిగొచ్చాక చదువుకున్నదీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ‘తెగ’ అన్న మాట గురించి. నైజీరియా పడమటి వైపు ఉండే యొరుబాలకి ఇఫే, ఓయో లాంటి పాత నగరాలున్నాయి, రాజ్యాలున్నాయి, కోట్లమంది మాట్లాడే భాష ఉంది. వాళ్లు తెగ అయితే తెలుగువాళ్లమైన మనల్ని ఏమనాలి? మనకు ‘జాతి’, వాళ్లకు ‘తెగ’. ఇది తెల్లవాళ్లు అంటగట్టిన మాట. మన పత్రికలు దాన్ని ఇంకా వదల్లేదు.

ఇక వందల ఏళ్ల కక్ష. ఉత్తరాది ఫులానీల సైన్యాలకీ యొరుబాలకీ పందొమ్మిదో శతాబ్దంలో ఇలోరిన్ వైపు యుద్ధాలు జరిగిన మాట నిజమే. తూర్పున ఉండే ఇగ్బోలకీ యొరుబాలకీ మాత్రం చెప్పుకోదగ్గ పాత యుద్ధమేదీ చరిత్రలో కనిపించదు. వీళ్లందరినీ ఒక్క పాలన కిందికి తెచ్చింది 1914లో బ్రిటిష్ పాలకుడు లుగార్డ్. 1946 రాజ్యాంగం దేశాన్ని ఉత్తరం, పడమర, తూర్పు అని మూడు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కలో ఒక్కో పెద్ద జాతిదే పైచేయి. ఆ ప్రాంతాన్ని గెలిస్తే కోకో, వేరుశనగ, పామాయిల్ అమ్మకాల డబ్బు, ఉద్యోగాలు, స్కాలర్‌షిప్పులు చేతికొస్తాయి. పోటీ పుట్టింది అక్కడ.

పశ్చిమ ప్రాంత రాజధాని ఇబాదాన్‌లో 1951లో జరిగింది చూడండి. జాతీయోద్యమ నాయకుడు అజికివే ఇగ్బో. పుట్టింది ఉత్తరాన జుంగేరులో, రాజకీయం నడిపింది అప్పటి రాజధాని లాగోస్‌లో. ఆయన పార్టీ ఎన్‌సీఎన్‌సీకి తొలి అధ్యక్షుడు హెర్బర్ట్ మెకాలే యొరుబావాడు. లాగోస్‌లోని అయిదు సీట్లూ ఆ పార్టీయే గెలిచింది. అక్కడి నుంచి కేంద్ర సభకి ఇద్దరిని పంపాలి, పంపేది ఇబాదాన్‌లోని పశ్చిమ శాసనసభ. అప్పటికి అక్కడ యొరుబా నాయకుడు అవొలొవొ పెట్టిన యాక్షన్ గ్రూప్ పార్టీకి మెజారిటీ కుదిరింది. ఎన్నికల ముందు ఎటో తేల్చుకోని చిన్న పార్టీ సభ్యులు కొందరు అటు గెంతారు (గోడ దూకడం మనకొక్కరికే తెలుసనుకుంటాం). అజికివేకి దారి మూసేశారు. సొంత పార్టీవాళ్లు కూడా ఆయన కోసం పోటీ నుంచి తప్పుకోలేదు. ఆయన తూర్పుకి వెళ్లిపోయి, అక్కడ ప్రభుత్వం నడుపుతున్న ఎయో ఇటాని 1953లో దింపేశాడు. ఇటా ఎఫిక్ అనే చిన్న జాతివాడు. పశ్చిమాన తనకి తగిలిన దెబ్బ తూర్పున ఇంకొకరికి తగిలించాడన్నమాట.

అలాగని జాతి గీతలు అప్పటికే గట్టిపడిపోలేదు. 1954 కేంద్ర ఎన్నికల్లో పశ్చిమ ప్రాంతంలో ఎక్కువ సీట్లు గెలిచింది ఇగ్బోల పార్టీ అని మనం పిలిచే ఆ ఎన్‌సీఎన్‌సీయే. ఇబాదాన్‌లో అదెలాబు అనే యొరుబా నాయకుడు ఆ పార్టీ జెండా మోశాడు. ఉత్తరాన అమీను కానో స్వయంగా ఫులానీ. ఎమీర్లనే ముస్లిం పాలకుల పెత్తనానికి ఎదురుతిరిగి, తలకావా అని అక్కడ పిలిచే సామాన్యుల పక్షాన పార్టీ పెట్టి అజికివేతో చేతులు కలిపాడు. మీ వ్యాసంలో ఆయన పేరే లేదు.

1953 మార్చి 31న లాగోస్‌లోని కేంద్ర సభలో యాక్షన్ గ్రూప్ సభ్యుడు ఎనహొరో 1956కల్లా స్వపరిపాలన కావాలని తీర్మానం పెట్టాడు. సర్దౌనా అనే బిరుదున్న ఉత్తరాది నాయకుడు అహ్మదు బెల్లో ‘వీలైనంత త్వరలో’ అని మార్చమన్నాడు. ఇంగ్లీషు చదువు దక్షిణాన ముందు పాకింది. తెల్లవాడు వెళ్లిన మర్నాడే ఆఫీసుల నిండా దక్షిణాది గుమాస్తాలు కూర్చుంటారన్న భయం ఆయనది. ఆ భయం ఉత్తుత్తిది కాదని మనవాళ్లకి చెప్పక్కర్లేదు, ముల్కీ గొడవలు చూసిన వాళ్లం. లాగోస్ జనం ఉత్తరాది సభ్యుల్ని వీధుల్లో ఎగతాళి చేశారు. మే నెలలో యాక్షన్ గ్రూప్ బృందం కానోలో సభ పెడతానంది. అల్లర్లు లేచాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం 36 మంది చచ్చిపోయారు. సభ పెడతానన్నది యొరుబాల పార్టీ. దెబ్బలు ఎక్కువగా తిన్నది సబన్ గరిలో ఉన్న ఇగ్బోలు.

సబన్ గరి అంటే కొత్త ఊరు. పాత కానో మట్టిగోడ బయట, పై ప్రాంతాలవాళ్ల కోసం తెల్లవాళ్లు కట్టిన పేట. నా మోటార్‌సైకిల్ చెయిన్ తెగితే అక్కడ ఒక ఇగ్బో పెద్దాయన కొట్టుకే వెళ్లేవాణ్ని. ఉత్తరాది భాష హౌసా గడగడా మాట్లాడేవాడు. 1966లో ఉత్తరాన ఇగ్బోలని చంపుతుంటే ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయాడట. తూర్పు విడిపోతానన్నందుకు జరిగిన బియఫ్రా యుద్ధం ముగిశాక తిరిగొస్తే పక్కింటి హౌసా ముసలాయన కొట్టు తాళంచెవితోపాటు అన్నేళ్ల అద్దె లెక్క రాసిన నోటుపుస్తకం చేతిలో పెట్టాడట. నట్లూ బోల్టుల డబ్బాల పక్కన దాచిన ఆ నోటుపుస్తకం నాకు చూపించాడు. నూనె మరకల మధ్య వరసగా అంకెలు. పోర్ట్ హార్‌కోర్ట్‌లో మాత్రం ఇగ్బోల ఇళ్లని ‘విడిచిపెట్టిన ఆస్తి’ అని చెప్పి ఇవ్వకుండా ఏళ్లకేళ్లు తిప్పారు. అది ఉత్తరంలో కాదు, ఒకప్పటి తూర్పు ప్రాంతంలోనే.

లెక్కల మాస్టార్ని కాబట్టి 1959 కేంద్ర ఎన్నికల దగ్గర కాస్త ఆగుతాను. మొత్తం సీట్లు 312. ఉత్తరానికి 174, తూర్పుకి 73, పశ్చిమానికి 62, లాగోస్‌కి 3. అంటే మిగతా దేశమంతా కలిసినా ఉత్తరం కంటే తక్కువే. ఉత్తరాది వాళ్లకి తప్ప సభ్యత్వం ఇవ్వని బెల్లో పార్టీ ఎన్‌పీసీకి 134, ఎన్‌సీఎన్‌సీ కూటమికి 89, యాక్షన్ గ్రూప్‌కి 73 వచ్చాయి. ఓట్లలో మాత్రం ఈ మూడింట్లో ఎన్‌పీసీదే ఆఖరి స్థానం. ఉత్తరాన ఆడవాళ్లకి ఓటే లేదు మరి. సీట్ల కోసం జనాభాలో వాళ్లని లెక్కపెట్టారు, ఓటెయ్యడానికి మాత్రం రానివ్వలేదు. తర్వాత ఎన్‌పీసీ ఎవరితో కలిసి ప్రభుత్వం పెట్టింది? ఇగ్బోల పార్టీ అనే ఎన్‌సీఎన్‌సీతో. వందల ఏళ్ల కక్ష ఉన్నవాళ్లు ఇలా పొత్తు పెట్టుకుంటారా? యొరుబాల అవొలొవొ ప్రతిపక్షంలో కూర్చున్నాడు. 1963కల్లా దేశద్రోహం కేసులో పదేళ్ల శిక్ష పడింది.

సీట్లు జనాభాని బట్టి కాబట్టి జనాభా లెక్కే తర్వాతి కొట్లాట అయింది. 1962 లెక్కల్ని రద్దుచేశారు. 1963లో మళ్లీ లెక్కపెట్టి ఉత్తరానిదే సగం పైన అంటే తూర్పు ఒప్పుకోలేదు. 1966 జనవరి సైనిక తిరుగుబాటు, ఉత్తరాన ఇగ్బోల ఊచకోత, బియఫ్రా యుద్ధం మీ వ్యాసంలో ఉన్నాయి కనుక మళ్లీ చెప్పను. నియోజకవర్గాల పునర్విభజన మీద ఇప్పుడు మన దగ్గర నడుస్తున్న వాదనలో ‘మా జనాభా, మా సీట్లు’ అని విన్నప్పుడల్లా నాకు ఆ 174 గుర్తొస్తోంది. మనది నైజీరియా కాదు, తెలుసు. అయినా గుర్తొస్తోంది.

చివరగా ఒక దిద్దుబాటు. వ్యాసంలో తొలి ప్రధాని తఫావా బాలేవాని ‘ఫులానీ ప్రభువు’ అన్నారు. ఆయన బౌచీ దగ్గర పుట్టినవాడు, తండ్రి గెరె అనే చిన్న జాతివాడు. రాజకుటుంబం కాదు, బడిపంతులుగా మొదలుపెట్టిన మనిషి. సర్దౌనా తాను ఉత్తరాది రాజధాని కదునాలోనే ఉండిపోయి లాగోస్‌కి ఆయన్ని పంపాడు. వచ్చే ఆదివారం సంచికలో ఈ సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
తెనాలి