వ్యాపారి రాజకీయం: ఆంకర్ లెక్క చూడండి

సంపాదకుడు గారికి,

వ్యాపారులు రాజకీయాల్లోకి రావచ్చా, రాకూడదా అని మీ పత్రికలో కొద్ది రోజులుగా లేఖలు వస్తున్నాయి. ఉన్నవాడికి దోచుకునే అవసరం ఉండదని ఒకరంటే, పెట్టిన డబ్బు వడ్డీతో సహా రాబట్టుకోకుండా ఊరుకుంటాడా అని ఇంకొకరు. ఇవి చదువుతుంటే నార్వే వ్యాపారి కార్‌స్టెన్ ఆంకర్ (1747-1824) గుర్తొచ్చాడు.

కోపెన్‌హేగన్‌లో, ఆసియాతో వ్యాపారం చేసే డేనిష్ ఏషియాటిక్ కంపెనీకి డైరెక్టర్‌గా చేసినవాడు. ఆయన అన్న పీటర్ మన పొరుగున తమిళనాడులో ఉన్న తరంగంబాడిలో 1806 దాకా డేనిష్ గవర్నరు. కార్‌స్టెన్ తర్వాత నార్వేలోని ఐడ్స్‌వోల్‌లో ఇనుప కర్మాగారం కొని, అక్కడున్న ఇంటిని పెద్ద బంగళాగా మార్పించుకున్నాడు.

1814 జనవరిలో, యుద్ధంలో ఓడిన డెన్మార్క్ రాజు, అప్పటిదాకా తన ఏలుబడిలో ఉన్న నార్వేను స్వీడన్‌కు రాసిచ్చేశాడు. నార్వేజియన్లు ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలో పెద్దమనుషుల మంతనాలు ఆంకర్ ఇంట్లోనే జరిగాయి. ఏప్రిల్ 11న 112 మంది ప్రతినిధులు రాజ్యాంగం రాయడానికి అదే ఇంటి హాల్లో కొలువుదీరారు. గోడలకు స్ప్రూస్ కొమ్మల దండలు, కూర్చోడానికి వీపు ఆనించుకునే వీలు కూడా లేని బెంచీలు. ఆరు వారాలు తిరక్కముందే, మే 17 నాటికి రాజ్యాంగం తయారైంది.

చిత్రమేమిటంటే ఆ 112 మందిలో ఇంటి యజమాని లేడు. అప్పటి నార్వే పాలకుడు, డేనిష్ యువరాజు క్రిస్టియన్ ఫ్రెడరిక్‌కు ఆంకర్ ఎంతో దగ్గరివాడు. బ్రిటన్ మద్దతు కూడగట్టమని ఆయన్ని లండన్ పంపారు. పని కాలేదు.

అలాగని ఆంకర్ సన్యాసేమీ కాదు. బ్రిటిష్ నౌకాదళ దిగ్బంధంతో నార్వే ఎగుమతులు అప్పటికే చితికిపోయి ఉన్నాయి. బ్రిటన్‌తో సఖ్యత దేశానికీ లాభమే, తనలాంటి వ్యాపారులకూ లాభమే. కానీ లెక్క తిరగబడింది. డెన్మార్క్‌తో విడిపోగానే నార్వే ఇనుముకు అక్కడున్న రక్షిత మార్కెట్ పోయింది. ఆంకర్ అప్పుల్లో కూరుకుపోయాడు, 1822లో ఐడ్స్‌వోల్ చేజారింది. రాజ్యాంగం పుట్టిన ఇల్లు కదా అని అప్పులవాళ్లు ఊరుకుంటారా? చివరికి 1837లో జనమే చందాలు వేసుకుని ఆ భవనాన్ని కొన్నారు. ఆ తర్వాత అది ప్రభుత్వ ఆస్తి అయింది.

రాజకీయాల్లో ఆంకర్‌కు ఏం వచ్చిందో, ఏం పోయిందో రెండు వందల ఏళ్ల తర్వాత కూడా చెప్పుకోగలుగుతున్నాం. మన ఎమ్మెల్యేల సంగతి అలా చెప్పగలమా? నామినేషన్‌తో పాటు ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇస్తారు. అది ఎన్నికల వారంలో ఓ మూల వార్త అయి మాయమవుతుంది. వ్యాపారి మంచివాడా, చెడ్డవాడా అని మనం ఎంత కొట్టుకున్నా తేలదు. తన కంపెనీకి సంబంధించిన బిల్లు మీద అతను ఓటేయొచ్చా అనేది తేల్చగలిగిన ప్రశ్న.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఎన్నికల్లో మళ్లీ పోటీ చేసే ప్రతి ప్రజాప్రతినిధి పాత అఫిడవిట్‌నూ కొత్త అఫిడవిట్‌నూ పక్కపక్కన పెట్టి, మీ జిల్లా పేజీల్లో నియోజకవర్గాలవారీగా వేయండి. అప్పుల కాలమ్ మాత్రం వదిలేయకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయనగరం