బైపాస్ ముందు నాన్నగారికి

బర్మింగ్‌హామ్

పూజ్యులైన నాన్నగారికి మీ పెద్దమ్మాయి నమస్కరించి రాయునది.

బైపాస్ చేస్తే ప్రాణాపాయం మూడు శాతం ఉంటుందని రాజమండ్రిలో డాక్టరుగారు చెప్పినప్పటినుంచి మీకు నిద్ర పట్టడం లేదని అమ్మ చెప్పింది. తమ్ముడు పంపిన కాగితాలన్నీ చదివాను. ఇక్కడ ఆపరేషన్‌కు ముందు రోగులను పరీక్షించే విభాగంలోనే నా ఉద్యోగం కనుక, ఆ అంకె ఎలా వచ్చిందో మీకు వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

కాగితంలో ఉన్న, ప్రాణాపాయం ఎంతో అంచనా వేసే యూరోస్కోర్ 2 అనే లెక్కను 43 దేశాల్లోని 154 ఆసుపత్రులలో గుండె ఆపరేషన్ చేయించుకున్న 22,000 మందికి పైగా రోగుల వివరాలతో తయారుచేసి 2012లో ప్రచురించారు. వయసు, గుండె పంపింగు, ఊపిరితిత్తుల జబ్బు, ఇటీవలి గుండెపోటు వంటి 18 అంశాలను అది చూస్తుంది. మూడు శాతమంటే, మీవంటి పరిస్థితిలో ఉన్న నూరుమందిలో సుమారు 97 మంది ప్రాణాలతో ఆసుపత్రి దాటుతారని. పక్షవాతం, డయాలసిస్ వంటి ఇబ్బందులు అందులో కలవవు. వాటి సంగతి డాక్టరుగారిని విడిగా అడగండి.

నన్ను ఆలోచింపజేసింది మీ క్రియాటినిన్, అంటే మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె. 1.4 అంటే కొద్దిగా ఎక్కువ, అంతేగా అనిపిస్తుంది. కానీ ఈ లెక్క ఆ ఒక్క అంకెను కాక, వయసును, బరువును కూడా కలిపి మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుద్ధి చేస్తున్నాయో చూస్తుంది. 72 ఏళ్ల వయసు, 50 కిలోల బరువు ఉన్న మీకు అది సుమారు 34 మిల్లీలీటర్లే వస్తోంది. 50 కంటే తక్కువైతే అపాయం ఎక్కువ కిందే లెక్క. మీ బరువు సరిగా వేశారో లేదో తప్పక అడగండి. యాంజియోగ్రాంలో ఎక్కించే మందు వల్ల కూడా క్రియాటినిన్ పెరగవచ్చు కనుక, ఆపరేషన్‌కు ముందు మళ్లీ పరీక్ష చేయించాలి. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో కొనే బిళ్లలు మూత్రపిండాలకు చేటు. డాక్టరుగారికి చూపించేవరకు వేసుకోవద్దు.

మనిషి ఎంత నీరసించాడో ఆ లెక్కకు పూర్తిగా అందదు. అందుకే మేము అయిదు మీటర్లు నడిపించి చూస్తాము. ఆరు సెకన్లు, అంతకు మించి పట్టే వృద్ధుల విషయంలో మరింత జాగ్రత్త పడతాము. ఆయాసం, ఛాతీ నొప్పి రానంతవరకు, డాక్టరుగారు ఒప్పుకుంటే, కాలవగట్టు మీద మెల్లగా నడవండి. చుట్ట మాత్రం ఈ రోజే మానేయండి నాన్నగారూ. ఊపిరితిత్తులకు దొరికే ప్రతి రోజూ ఆపరేషన్ తర్వాత మీకు పనికొస్తుంది.

కొత్త రిపోర్టు రాగానే తమ్ముడి చేత పంపించండి. డాక్టరుగారితో ఫోనులో నేనే మాట్లాడతాను.

ఇట్లు
మీ పెద్దమ్మాయి